మిగిలిన ఒక్క మెసేజ్

ఛత్రినాక సందులో మున్నీ జిరాక్స్ షాపు. సాయంత్రం నాలుగూ పది. కంప్యూటర్ ముందు మున్నీ, పక్కన స్టూలు మీద ఇశ్రాయేలు.

"ఇది పంపితే మురళి చదువడు అంకుల్. మొదటి లైన్లనే బంద్ చేస్తడు."

"ఎందుకు చదువడు. తప్పులున్నయా?"

"తప్పులు లేవు. 'గౌరవనీయులైన ప్లాంట్ మేనేజర్ గారికి, ఛత్రినాక నివాసి ఇశ్రాయేలు వ్రాయు విన్నపము. విషయము, బాయిలర్ ఉద్యోగము గురించి.' గిక్కడికే సగం జాగ అయిపోయింది. పని సంగతి ఇంకా రానే లేదు."

"బడిల గిట్లనే నేర్పిండ్రు మాకు."

"గది లీవు లెటర్. ఇది నౌకరీల సైట్ల పెట్టే రిక్వెస్ట్ అంకుల్. నన్ను నీ జాన్‌పెహచాన్‌ల, ఎరుకున్నోళ్లల్ల, కలుపుకో అని అడుగుడు. దాని కింద రెండు వందల అక్షరాలు రాసుకోనిస్తరు. విషయం, తేదీ, సంతకం ఏం వద్దు."

"తేదీ లేకుండ ఎట్ల రాస్తరు."

"కంప్యూటరే ఏసుకుంటది."

"సంతకం గూడ అదే చేస్తదా?"

"నీ ఫోటో ఉంది గదా. గదే సంతకం. జర నవ్వమంటే నవ్వలేదు నువ్వు. ఠాణల గోడకు పెట్టే ఫోటో లెక్కుంది."

"నౌకరి లేనోడు నవ్వుతుంటే ఎవడన్న నౌకరిస్తడా. రాయి బిడ్డ, టైమైతుంది."

"రాస్త. కాని జర ఆలోచించి చెప్పు. ఒక్కటే మిగిలింది."

"ఒక్కటేనా?"

"పొద్దున చెప్పిన గదా. ఫ్రీ అకౌంట్‌కు నెలకు అయిదు మెసేజ్‌లే. కొత్తోళ్లకు నువ్వు రాసినా, వాళ్లు రాస్తే నువ్వు జవాబిచ్చినా, అండ్లకెళ్లే పోతది. నాలుగు అయిపోయినయి."

"ఎవరికి పంపినం నాలుగు?"

"ఒకటి ఇంకో మురళికి పోయింది. పళ్ల డాక్టర్."

"సక్కగ చూడాలె గదా నువ్వు."

"నువ్వే చూపిచ్చినవ్. గిదే మొకం, గిదే ముక్కు అన్నవ్."

"పదిహేనేండ్ల కింద చూసిన ముక్కు. మిగిలిన మూడు?"

"రెండు హెచ్.ఆర్. మేడంలకు. చూసిండ్రు, ఊకున్నరు. ఇంకోటి మీ పాత కంపెనీ అకౌంట్స్ సారుకు. ఆయన కంగ్రాట్స్ అని పెట్టిండు."

"దేనికి?"

"నీ నౌకరికి ఇరవై నాలుగేండ్లు నిండినయని సైటు అందరికి చెప్పింది."

"మూసేసిన కంపెనీల."

"సైటుకేం తెలుసు. మూసేసిన తేదీ నువ్వు ఎయ్యనియ్యలే."

"నేనెందుకెయ్యాలె. నేను మూసిన్నా దాన్ని."

"సరే, లొల్లి వద్దు. అయిదింటికి బంద్ అన్నవ్. ఏం బంద్?"

"బాయిలర్‌కు ఒక మనిషి గావాలె వాళ్లకు. పేర్లు అయిదింటికి పై ఆఫీసుకు పోతయి. మళ్ల తీసుకోరు. గేటు కాడ మూడుసార్లు నిలబడొచ్చిన. లోపలోడు ఎవడన్న పేరు చెప్తేనే కాగితం పట్టుకుంటరట. నాకు తెలిసిన లోపలోడు మురళి ఒక్కడే."

"ఫోన్ నంబర్ అడగకపోయినవా గేటు కాడ?"

"అడిగిన. మేనేజర్ నంబర్ నీకెందుకియ్యాలె, నువ్వెవరని అడిగిండు వాచ్‌మన్. పోరడు, మీసం రాలే ఇంకా."

"ఇక్కడ కాకుంటే ఇంకో ఫ్యాక్టరీ చూద్దాం అంకుల్. జీడిమెట్ల దిక్కు మస్తున్నయి."

"యాభై ఎనిమిదేండ్ల దాకనే తీసుకుంటరు బాయిలర్ మీద. ఎక్కడైనా గంతే."

"నీకెన్ని?"

"వచ్చే నెల పదకొండుకు యాభై ఎనిమిది."

"...గట్లనా."

"గందుకే నీ కాడ కూసున్న. లేకుంటే ఈ సైటు మొకం చూసేటోన్ని కాదు."

"మా అమ్మ చెప్పింది, మొన్న సైదాబాద్ ఫంక్షన్ హాల్ల కనవడ్డవంట."

"మీ అమ్మకు కండ్లద్దాలు మార్పియ్యి."

"ఎంగిలి ప్లేట్లు తీస్తుంటివని—"

"నేను కాదు. రాయి. 'మురళీ, నీకు పని నేర్పింది నేను. మీ కాడ పనుంది. నా పేరు చెప్పు. చెప్పనంటే చెప్పనని చెప్పు.'"

"అంకుల్, ఇది రిక్వెస్టా, నోటీసా?"

"ఉన్నదే రాసిన. అక్షరాలు గూడ తక్కువైనయి."

"మన పని పడింది ఆయనతోటి. జర మెత్తగ రాయాలె. నేను చెప్తా చూడు. 'మురళి గారూ, మీ ఎదుగుదల చూసి ఎంతో గర్వపడుతున్నాను. మీ విజయాలు మా అందరికీ స్ఫూర్తి.'"

"నేను పడ్తలేను."

"ఏంది?"

"గర్వపడ్తలేను. వాడు ఎదిగితే నాకేంది. అబద్ధం రాయకు."

"అందరు గిట్లనే రాస్తరు."

"గందుకే ఎవడు చదువుతలేడు."

"అది గూడ నిజమే అనుకో... ఆగు, ఏదో వచ్చింది."

"మురళా?"

"కాదు. నీకెవరో రిక్వెస్ట్ పెట్టింది. సోఫియా అంట. సింగపూర్. మొన్న ఒకామె పెట్టింది యాదికుందా, ఎమిలీ అని. నిన్న గూడ ఒకామె. మూడో ఆమె ఇది. నీకు మస్తు గిరాకీ ఉంది అంకుల్."

"ఎవరు వీళ్లు?"

"ఎవరు లేరు. ఫేక్. అందమైన ఆడిపిల్ల ఫోటో పెడ్తరు, ఎన్కల కూసొని రాసేది మొగోడు. రోజుకు వేల మందికి ఏస్తరు, ఎవడో ఒకడు పడ్తడని. కింద ఏదో రాసింది, చదువుదునా?"

"వద్దు. తీసెయ్యి."

"నవ్వుకోనీకన్నా—"

"మొన్నటివి తీసినవ్ గదా. ఇది గూడ గట్లనే తియ్యి. వీటి కోసం గాదు నేనొచ్చింది."

"తీసిన. పోయింది. ఆఁ, ఇప్పుడు చెప్పు... అయ్యో. పాయె."

"ఏమాయె?"

"కరెంటు. అమ్మవారి తొట్టెల వస్తుంది సందులకు, డప్పులు ఇనవడ్తలేవా? కాగితాల గోపురం లెక్క ఇంత ఎత్తు కడ్తరు గదా, తీగలకు తగుల్తదని లైన్ బంద్ చేస్తరు. అది మలుపు తిరిగినంక ఇస్తరు."

"ఎంతసేపు?"

"పది నిమిషాలు. పావు గంట. ఆడోళ్లు మధ్యల ఆగి ఆడ్తే ఇంకా ఎక్కువ."

"ఇన్వర్టర్ లేదా నీకు?"

"బ్యాటరీ పోయింది."

"నీ ఫోన్ల తెరువు."

"వేరే ఫోన్ల తెరిస్తే నీ ఫోన్‌కు నంబర్ వస్తది, అది కొట్టాలె. నీ ఫోన్ తియ్యి."

"రాదు."

"ఎందుకు రాదు?"

"రీచార్జ్ అయిపోయి పది రోజులాయె."

"చెప్పకపోయినవా అంకుల్. నేను చేస్తుంటి గదా."

"గందుకే చెప్పలే. టైమెంత?"

"నాలుగున్నర. పరేషాన్ గాకు, వస్తది. అప్పటిదాక ఏం రాయాల్నో ఖరారు చేద్దాం. చర్చిల ప్రార్థన చీటీ అనుకో. చిన్నగ, ఏం గావాల్నో గదొక్కటే రాసి డబ్బల ఏస్తరు గదా—"

"చర్చి మాట ఎత్తకు."

"ఊకెనే అన్న. రాజమణి ఆంటీ చీటీలు యాదికొచ్చినయి. నా చిన్నప్పుడు ఆంటీ చీటీ చదువుతుంటే మేం బెంచీల కిందికి వంగి నవ్వుకునేటోళ్లం."

"ఎందుకు నవ్వుడు?"

"అందరివేమో అప్పులు, జరాలు, నౌకరి లేదు, సంబంధం కుదుర్తలేదు అని ఉండేది. ఆంటీది వస్తే పాస్టర్ మైకుల, 'సిస్టర్ రాజమణి ఇంట అంతా మంచిగుంది. బియ్యం డబ్బా నిండుగ ఉంది.' ఒకసారి అడిగిండు గూడ, సిస్టర్, ఇది ప్రార్థన అవసరమా, సాక్ష్యమా అని."

"ఖాళీగున్ననాడే రాయించేది."

"ఏంది?"

"డబ్బా ఖాళీగున్ననాడు, నిండుగ ఉంది అని రాయించేది."

"గదెందుకు?"

"మైకుల చదువుతరు గదా. ఇంట్ల గింజ లేదని బస్తీకంత ఎందుకు ఎరుక చెయ్యాలె అనేది. ఉల్టా రాసినా దేవునికి తెలుస్తది అనేది. డబ్బా నిండుగుంటే బియ్యం లేవు. పిల్లగాడు సక్కగున్నడంటే వాడు మంచంల ఉన్నడు. ఇంటాయన నెమ్మది మనిషి అంటే, నేను కంచం ఇసిరికొట్టిన."

"అయ్యో. మాకు తెల్వదు అంకుల్."

"ఎవరికి తెల్వదు. ఇంట్ల ముగ్గురికే ఎరుక."

"ఆఖరికి గూడ గట్లనే రాసిందా ఆంటీ? దవాఖానల ఉన్నప్పుడు?"

"ఆరోగ్యం మంచిగుంది అని రాయించింది. దేవుడు నమ్మిండు. గప్పటికెళ్లి నేను పోలేదు అటు దిక్కు. అర్థం చేసుకుంటడన్నది. చేసుకోలే."

"రాయించింది, రాయించింది అంటున్నవ్. ఆంటీ రాసేది కాదా?"

"ఆమెకు రాయరాదు. ఆమె చెప్తుంటే పిల్లగాడు రాసేటోడు. రెండో తరగతికెళ్లి."

"వెస్లీనా?"

"టైమెంత?"

"నాలుగు ముప్ఫై అయిదు. వెస్లీ ఫోన్ చేస్తుండా అంకుల్?"

"వాని పేరు ఎత్తకు."

"మేం ఒక్కటే క్లాసు. పోయేటప్పుడు ఇక్కడే టికెట్ ప్రింట్ తీసుకున్నడు. పోయినంక ఒక ఫోటో గూడ పెట్టలే. మర్చిపోయిండు అనుకున్నం అందరం."

"మర్చిపోయిండు. గంతే."

"నౌకరి మంచిదేనంట గదా. థాయిలాండ్."

"కంప్యూటర్ పని అన్నడు. గా పని చూపిచ్చింది ఎవరనుకున్నవ్? గీ సైటే. ఎవడో వీనికి రిక్వెస్ట్ పెట్టిండు. నాకు సదివి ఇనిపిచ్చిండు. 'మీ ఇంగ్లిష్ చాలా మంచిగున్నది. మీ అసొంటోళ్లు అక్కడ ఎందుకున్నరు' అని. గంతే. ఇంకేం లేదు అండ్ల. గా రెండు మాటలకు పోయిండు."

"మంచిగ రాసిండు మరి."

"అవ్. మంచిగ రాసిండు. నేను ఇరవై మూడేండ్లు పెంచి గసొంటి మాట ఒక్కటి అనలేదు వాన్ని. వాళ్లమ్మ పోయినంక పెట్టిన యాది కూడిక నాడే విమానం. అన్నాలు పెట్టకముందే బ్యాగు భుజానేసిండు. ఇంటి నిండ చుట్టాలు. గడప కాడ నిలబడి అన్న, మళ్ల రావద్దు, ఈ ఇంట్ల నీ కోసం ఎవరు ఎదురుచూడరు అని. అందరి ముందట అన్న."

"ఏమన్నడు?"

"ఏమనలే. చెప్పులు తొడుక్కున్నడు."

"తర్వాత ఫోన్..."

"రెండుసార్లు చేసిండు మొదటి వారంల. ఎత్తలే."

"మళ్ల చెయ్యలేదా?"

"ఏడు నెలలాయె."

"నువ్వన్న చెయ్యాలె గదా."

"నేనెందుకు చేస్త."

"చెయ్యలేదా ఒక్కసారి గూడ?"

"...ఈస్టర్ నాడు చేసిన. ఆ నంబర్ లేదంట. మార్చుకున్నడు. నాకు తెల్వకూడదని మార్చుకున్నడు. నువ్వు మురళి సంగతి చూడు."

"సరే. మురళితోటి నీకు అసలు పంచాయితీ ఏంది? అది చెప్పు. పొద్దటికెళ్లి అడుగుతున్న, దాటేస్తున్నవ్."

"ఏం లేదు."

"ఏం లేకుంటే ఎప్పుడో ఫోన్ నంబర్ ఉండేది నీ కాడ."

"పురానాపూల్ పిల్లగాడు. నా చేతి కిందికొచ్చిండు, హెల్పర్. బాయిలర్ ముందట ఒక గాజు గొట్టం ఉంటది. లోపల నీళ్లు ఎంతున్నయో అండ్ల కనిపిస్తయి. దాన్ని చూసుకుంట కూసునుడే పని. వీడు నిద్రపోయిండు. నేను బీడీకి పోయి వచ్చేటాల్లకు గాజుల సుక్క నీళ్లు లేవు. మంట మండుతనే ఉంది."

"నీళ్లు లేకుంటే ఏమైతది?"

"పేల్తది. గోడలు, మనుషులు, ఏం మిగలదు. నేను మంట గుంజేసిన. గప్పుడు లేపి కొట్టిన. చెంప మీద. అందరు చూసిండ్రు."

"మేనేజర్‌కు చెప్పినవా?"

"చెప్పలే. చెప్తే వాని నౌకరి పోతది. అప్పుడే పెండ్లయింది వానికి."

"ఈ సంగతి మురళికి ఎరుకనా? నువ్వు రిపోర్ట్ చెయ్యలేదని?"

"ఎరుకనే ఉంటది. మర్నాటికెళ్లి వానితోటి మాట్లాడలే నేను. పని చెప్పాలంటే వేరేటోనితోటి చెప్పిచ్చిన. మూడు నెలలు ఉండి పోయిండు."

"మూడు నెలలు ఒక్క మాట గూడ?"

"ఒక్క మాట గూడ."

"కరెంటొచ్చింది. అంకుల్, ఇను. ఇది తెరుచుకునేలోపు నేనొకటి చెప్త. వెయ్యి రిక్వెస్ట్‌లు వస్తయి వానికి. ఒక్కదాన్నే తెరుస్తడు. అండ్ల ఇది నువ్వే అని తెలిసే మాట ఒకటుండాలె. ఇంకెవరు రాయలేనిది. నీకు, వానికి మాత్రమే ఎరుకున్నది. గర్వపడుతున్నాను, స్ఫూర్తి పొందాను, గవన్నీ ఎవడైనా రాస్తడు. నువ్వన్నది నిజమే. గాజు గొట్టం సంగతి ఎవడు రాస్తడు? గదే రాద్దాం."

"కొట్టిన సంగతా?"

"కొట్టింది తప్పయింది అని రాద్దాం."

"తప్పు కాదు. ఇప్పుడు నిద్రపోయినా కొడ్త."

"అంకుల్, నాలుగు నలభై నాలుగు. జర దిగు."

"కొట్టింది తప్పు కాదు. అది రాయకు."

"మరి ఏది తప్పు? ఏదో ఒకటి ఉంటది గదా. ఏం లేకుంటే ఇన్నేండ్లు యాదికెందుకుంటది నీకు. చెప్పు."

"మాట్లాడకపోయింది."

"గది చెప్పు. గదే రాస్త."

"రాయి. 'మురళీ, నేను ఇశ్రాయేలును. గాజుల నీళ్లు లేని రోజు నిన్ను కొట్టిన. అది తప్పు కాదు. మూడు నెలలు నీతోటి మాట్లాడలే. అది తప్పు. మీ కాడ బాయిలర్ పని ఉందట. నా చేతులు ఇంకా సక్కగనే ఉన్నయి.'"

"రాసిన. అక్షరాలు చూస్తున్న, ఆగు."

"ఎక్కువైందా?"

"సరిపోయింది. నూట డెబ్బై. అంకుల్, ఇది చదువుతడు. ఒట్టు. నేనైతే ఏడుస్త."

"వానికి ఏడుపు వద్దు. అయిదు లోపల నా పేరు చెప్తే చాలు."

"నాలుగు నలభై తొమ్మిది. ఒక్కసారి పేరు చూసుకో. ఇతనేనా? మళ్ల పళ్ల డాక్టర్ అయితే నన్ను అనొద్దు."

"ఇతనే. నేను కొట్టిన చెంప గిదే... ఇతనే. పంపు."

"పంపుతున్న... ఛ, అడ్డమొచ్చింది. ఇంకొకామె. గ్రేస్ అంట. వీళ్లకు వేరే పని లేదా ఈరోజు, తీసేసి పంపుతా ఆగు. ఓ, దీని ఇంగ్లిష్ చూడు అంకుల్, 'హలో సార్, ఐ యామ్ హ్యాపీ హియర్. అంతా మంచిగుంది. రైస్ టిన్—' అంకుల్."

"ఆగినవేంది. చదువు."

"'బియ్యం డబ్బా నిండుగ ఉంది.'"

"మళ్ల చదువు."

"'నేను ఇక్కడ సంతోషంగ ఉన్న. అంతా మంచిగుంది. బియ్యం డబ్బా నిండుగ ఉంది. పిల్లగాడు సక్కగున్నడు.' గంతే. కింద గ్రేస్ అని ఉంది."

"ఆ ఫోటో ఎవరిది?"

"ఎవరిదో. నెట్ల దొరికిన ఫోటో."

"ఎన్కల కూసొని రాసేది మొగోడన్నవ్."

"అవ్."

"ఎసొంటి మొగోడు?"

"అంకుల్, నాకు సరిగ్గ తెల్వదు. పేపర్ల చదివిన గంతే."

"చదివిందే చెప్పు."

"కంప్యూటర్ నౌకరి అని పిలుస్తరంట. దిగినంక పాస్‌పోర్ట్, ఫోన్ గుంజుకుంటరంట. అక్కడికెళ్లి బార్డర్ దాటిచ్చి, పెద్ద గోడలున్న జాగల పెడ్తరు. రోజుకు ఇన్ని రిక్వెస్ట్‌లని లెక్క. ఆడోళ్ల పేరు మీద. ఎన్కల ఒకడు నిలబడి ప్రతి మెసేజ్ చదువుతడంట. లెక్క తగ్గితే..."

"తగ్గితే?"

"కొడ్తరంట."

"ఇంగ్లిష్ మంచిగొచ్చినోళ్లను పిలుస్తరా?"

"అవ్. నీళ్లు తాగు అంకుల్. ఇగో."

"నా ఫోటో ఎప్పుడు పెట్టినవ్ దీంట్ల?"

"పదిహేను రోజులాయె."

"మొదటి రిక్వెస్ట్ ఎప్పుడొచ్చింది?"

"మొన్న."

"ఎమిలీ."

"అవ్. నిన్న ఒకటి. ఇందాక సోఫియా."

"వాటి కింద ఏం రాసుండె?"

"నువ్వు చదవొద్దన్నవ్."

"మళ్ల తెచ్చుడు రాదా?"

"రాదు. తీసేస్తే పోతయి."

"మూడు."

"అంకుల్, నేనే తీసిన. నా చెయ్యి."

"నేను తియ్యమన్న. మూడుసార్లు వాడు తలుపు కొట్టిండు, మూడుసార్లు నేనే తియ్యమన్న."

"ఠాణకు పోదాం. ఇది ఫోటో తీస్త, చూపిద్దాం. మా మామ పింటూకు ఠాణల ఎరుకున్నోళ్లున్నరు. విదేశాంగ శాఖకు గూడ రాయాలంట ఇసొంటివి, గది నేను చూస్త."

"పోదాం. ముందు వానికి తెల్వాలె."

"ఏం తెల్వాలె?"

"చీటీ చేరిందని."

"జవాబు రాస్తే ఉన్నదొక్కటి దీనికే పోతది. మురళికి ఇగ ఏం రాయలేం."

"తెలుసు."

"నాలుగు యాభై నాలుగు. వచ్చే నెలకు నీకు యాభై ఎనిమిది నిండుతయి. ముందు మురళిది పంపి, దీనికి నా అకౌంట్‌లకెళ్లి—"

"నువ్వు రాస్తే వానికేం తెలుస్తది. మురళి గూడ నీ పేరు చూస్తే తెరువడు. మురళిది తుడువు."

"అంకుల్..."

"తుడువు బిడ్డ."

"...తుడిచిన. ఏం రాయాలె? వస్తున్నం, భయపడకు అని రాద్దునా?"

"వద్దు. ఎన్కల నిలబడి చదువుతరన్నవ్ గదా. నేను చెప్పినట్టే రాయి. ఇంగ్లిష్‌ల. వాళ్లకు గూడ సక్కగ అర్థం కావాలె."

"చెప్పు."

"'మీరెవరో నాకు తెల్వదు.'"

"రాసిన."

"'నేను మంచిగున్న. మా ఇంటి డబ్బా గూడ నిండుగనే ఉంది.'"

"రాసిన."

"'మీరు మళ్ల రావద్దు.'"

"అంకుల్, ఆ పిల్లగాడు ఎంత ఆశతోటి—"

"వాళ్లమ్మ చీటీలన్నీ రాసింది వాడే. ఉల్టా చదువుడు వానికి నువ్వు చెప్పక్కర లేదు. రాయి."

"రాసిన. ఇంకొక్క లైన్‌కు జాగ ఉంది."

"'ఈ ఇంట్ల మీ కోసం ఎవరు ఎదురుచూస్తలేరు.'"